గణకయంత్రంలో కాలగణన

భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ప్రపంచంలోని కొన్ని కంప్యూటర్లలో ఒక లెక్క నిండిపోతుంది. ముందుగా సరిదిద్దని యంత్రాలు ఆ మరు సెకనులో తాము 1901 డిసెంబరులో ఉన్నట్లు లెక్కవేసుకొంటాయి. కాగితం, కలం ఉన్న ఏ విద్యార్థి అయినా కూడి సరిచూడగల విషయం ఇది. నేడు డిగ్రీ తరగతులలో ఉన్నవారు ఆనాటికి ముప్పై ఏళ్ళు దాటి బ్యాంకులలో, ఆసుపత్రులలో, కార్యాలయాలలో బాధ్యతగల స్థానాలలో ఉంటారు. ఆ ఉదయం ఎట్లా గడవబోతున్నదో చాలావరకు అప్పటికి వారి చేతులలో ఉంటుంది. కావున కంప్యూటరు తేదీని ఎట్లా దాచుకొంటుందో, ఆ దాచిన చోటు ఎందుకు నిండుతుందో, దానికి ఎటువంటి సన్నాహాలు జరుగుతున్నవో తెలిసికొనుట అవసరం.

పేరు, లెక్క

కాలాన్ని గుర్తించడానికి మన పెద్దలు రెండు పద్ధతులు పాటించినారు. ఒకటి సంవత్సరానికి పేరు పెట్టడం. ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది పేర్లు వరుసగా వచ్చి, మరల ప్రభవతో మొదలవుతాయి. అందుకే అరువది ఏండ్లు నిండినవానికి షష్టిపూర్తి జరుపుతారు. అతడు పుట్టిన సంవత్సరపు పేరే మరల వచ్చినదన్న మాట. రెండవది ఒక ఆరంభం నుండి విడువకుండా లెక్కించుకొంటూ పోవడం. శాలివాహన శకం, హిజ్రీ శకం, క్రీస్తు శకం ఈ కోవకు చెందినవి.

పేరు మాత్రమే చెబితే ఒక చిక్కు ఉన్నది. ఆంగీరస సంవత్సరం అంటే ఏ ఆంగీరస? 1512లో వచ్చినదా, 1572లో వచ్చినదా, 1932లోనా, 1992లోనా? శాసనాలు చెక్కించినవారు ఈ చిక్కును బాగుగా ఎరిగినవారు. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో తొలిసారి తిరుమలను దర్శించిన సందర్భపు శాసనాలలో ఆంగీరస అన్న పేరుతో పాటు శకవర్షం 1434 అని సంఖ్య కూడా చెక్కించినారు. పేరు అరువదేండ్లకు తిరిగి వచ్చినా సంఖ్య తిరిగి రాదు. రెండూ కలిసి ఉన్నందువలననే ఐదు వందల సంవత్సరాల తరువాత కూడా ఆ తేదీ విషయంలో మనకు సందేహం కలుగదు.

కంప్యూటరు కూడా లెక్కనే నమ్ముకొన్నది. అయితే ఆ లెక్కను వ్రాసుకొనే పలక చిన్నదైతే, లెక్క సైతం అరువది పేర్ల వలె మొదటికి తిరిగి వస్తుంది. సమస్య అంతా ఇక్కడనే ఉన్నది.

యంత్రం కాలాన్ని వ్రాసుకొనే విధం

కంప్యూటరులోని పరికరాలను, ప్రోగ్రాములను నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టము అంటారు. కాలాన్ని చూచుకొనడం దాని విధులలో ఒకటి. యంత్రం ఆపివేసి ఉన్నప్పుడు నాణెమంత బ్యాటరీతో నడిచే ఒక చిన్న గడియారం లోపల కాలాన్ని నిలిపి ఉంచుతుంది. యంత్రం మేల్కొనగానే ఆపరేటింగ్ సిస్టము దానిని చదువుకొని, అక్కడి నుండి తన లెక్కను తాను సాగిస్తుంది.

ఆ లెక్కలో నెలలు, వారాలు, పండుగలు ఉండవు. ఒక నిర్ణీత ఆరంభ క్షణం నుండి గడచిన సెకన్ల సంఖ్య మాత్రమే ఉంటుంది. తెర మీద మనకు కనిపించే తేదీ, ఆ సంఖ్యను అప్పటికప్పుడు భాగించి తయారుచేసినది. ఒకే సంఖ్య నుండి క్రీస్తు శకపు తేదీని చూపవచ్చును, హిజ్రీ తేదీని చూపవచ్చును, శక సంవత్సరాన్నీ చూపవచ్చును. లోపలి లెక్క గ్రీన్విచ్ కాలంలో సాగుతుంది. మనకు చూపేటప్పుడు దానికి ఐదున్నర గంటలు కలుపుతారు.

ఈ పద్ధతిని ప్రసిద్ధికి తెచ్చినది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దానిని నిర్మించినారు. 1971 నాటి మొదటి కూర్పులో వారు కాలాన్ని సెకనులో అరువదవ వంతు చొప్పున, 1971 జనవరి 1 నుండి, 32 బిట్ల స్థలంలో లెక్కించినారు. బిట్టు అంటే సున్న గాని ఒకటి గాని పట్టే గడి. అటువంటి 32 గడులలో సుమారు 429 కోట్ల వరకు సంఖ్యలు పడతాయి. వినడానికి ఇది పెద్ద సంఖ్యయే. కాని సెకనుకు అరువది చొప్పున ఖర్చు చేస్తే 828 రోజులకే అయిపోతుంది. కావున కొద్ది కాలానికే నిర్మాతలు పద్ధతిని మార్చి, 1970 జనవరి 1 నుండి సెకన్లను మాత్రమే లెక్కించసాగినారు. నేటికీ అదే ఆరంభం నిలిచి ఉన్నది. 2023 నవంబరులో ఆ లెక్క 170 కోట్లు దాటినది.

ఇతర వ్యవస్థలు ఇతర ఆరంభాలను ఎన్నుకొన్నవి. పాత డాస్ వ్యవస్థ ఫైళ్ళ తేదీలో సంవత్సరానికి 7 బిట్లు, నెలకు 4, రోజుకు 5 కేటాయించినది. దాని సంవత్సరాలు 1980లో మొదలై 2107తో ముగుస్తాయి. పాత మెకింతోష్ యంత్రాల లెక్క 1904లో మొదలై 2040 ఫిబ్రవరిలో నిండుతుంది. నేటి విండోస్ వ్యవస్థ 1601 జనవరి 1 నుండి సెకనులో కోటవ వంతు చొప్పున లెక్కించినా, 64 బిట్ల విశాలమైన స్థలం ఉన్నందున దానికి ఇప్పట్లో చిక్కు లేదు. కంప్యూటర్లు ఒకదాని గడియారాన్ని చూచి మరొకటి కాలం సరిచేసుకొనే ఎన్‌టీపీ పద్ధతిలో సెకన్ల లెక్క 1900లో మొదలైనది. అది 2036 ఫిబ్రవరి 7న ఒక చుట్టు పూర్తిచేస్తుంది. ప్రతి లెక్కకు ఒక ఆరంభం, ఒక ప్రమాణం, ఒక స్థలం ఉంటాయి. ఈ మూడూ తెలిస్తే ముగింపు ఎప్పుడో మనమే చెప్పవచ్చును.

స్థలం నిండినప్పుడు

బస్సులో నడచిన దూరం చూపే మీటరును గమనించినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. ఐదు అంకెల మీటరులో 99,999 తరువాత 1,00,000 రాదు. అన్నీ సున్నలే వస్తాయి. బస్సు కొత్తది కాలేదు. చూపించడానికి చోటు చాలలేదు, అంతే.

యూనిక్స్ లెక్కలో మరొక విశేషమున్నది. 1970కి పూర్వపు తేదీలు కూడా వ్రాయవలసి ఉన్నందున 32 బిట్లలో ఒకటి ధన, ఋణ చిహ్నానికి పోయినది. మిగిలిన 31 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. అన్ని సెకన్లు అంటే 68 సంవత్సరాల పైచిలుకు. 1970కి 68 కలిపితే 2038 వచ్చినది. ఆ సంఖ్యకు మరొకటి కలిపితే చిహ్నపు గడి మారిపోయి లెక్క ఋణసంఖ్య అవుతుంది. అప్పుడు యంత్రం చూపే తేదీ గ్రీన్విచ్ కాలంలో 1901 డిసెంబరు 13.

తేదీ తప్పుగా కనిపించడంతోనే నష్టం ఆగదు. యంత్రాలు తేదీలను ఒకదాని నుండి ఒకటి తీసివేసి నిర్ణయాలు చేస్తాయి. వడ్డీ ఎన్ని రోజులకు లెక్కించాలి, మందు గడువు తీరినదా, ఏ ఫైలు కొత్తది, ఏ అనుమతి పత్రం ఇంకా చెల్లుతుంది అన్నవన్నీ తీసివేతలే. కాలం వెనుకకు పోయినప్పుడు ఇవన్నీ తారుమారవుతాయి.

లెక్క నిండినందువలన ఒక అంతరిక్ష నౌకయే చేజారిపోయినది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన డీప్ ఇంపాక్ట్ నౌక 2005లో ఒక తోకచుక్కను పరిశోధించి కీర్తి గడించినది. అందులోని ఒక ప్రోగ్రాము 2000 జనవరి 1 నుండి సెకనులో పదవ వంతు చొప్పున 32 బిట్లలో కాలాన్ని లెక్కించినది. ఆ లెక్క 2013 ఆగస్టు 11న నిండినది. నౌకలోని కంప్యూటరు మాటిమాటికి ఆగి మొదలవుతూ, భూమి వైపు తన దిశను నిలుపుకొనలేకపోయినదని నిపుణులు తేల్చినారు. ఆ సెప్టెంబరులో నాసా దానిపై ఆశ వదులుకొన్నది.

శ్రీహరికోట నుండి వెళ్ళిన వారాల లెక్క

డీప్ ఇంపాక్ట్ మనకు దూరపు ఉదాహరణ. ఇటువంటి లెక్క ఒకటి మన జిల్లా నుండే ఆకాశానికి వెళ్ళినది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడి నుండి 2013 జులై 1 రాత్రి మన దేశపు సొంత మార్గనిర్దేశ వ్యవస్థకు చెందిన తొలి ఉపగ్రహాన్ని పీఎస్‌ఎల్‌వీ-సీ22 రాకెట్టు మోసుకొనిపోయినది. ఆ వ్యవస్థకే తరువాత నావిక్ అని పేరు పెట్టినారు.

మార్గనిర్దేశ ఉపగ్రహం పని కాలం చెప్పడమే. ఉపగ్రహాలు పంపిన కాలానికి, అది చేరిన కాలానికి గల భేదాన్ని బట్టి భూమి మీది యంత్రం తానున్న చోటును లెక్కకట్టుకొంటుంది. సంకేతంలో ప్రతి బిట్టు విలువైనది. కాబట్టి తేదీని పొదుపుగా పంపుతారు. ఈ ఉపగ్రహాలు మొదట పంపిన సంకేతంలో వారం సంఖ్యకు 10 బిట్లు మాత్రమే కేటాయించినారు. అందులో 0 నుండి 1023 వరకు, అనగా 1024 వారాలు పడతాయి. అది ఇరువది సంవత్సరాలకు కొంచెం తక్కువ.

ఆ వారాల లెక్కకు ఆరంభంగా 1999 ఆగస్టు 22ను ఎన్నుకొన్నారు. అమెరికా వారి జీపీఎస్ వ్యవస్థ కూడా 10 బిట్లతోనే 1980 జనవరి 6న మొదలై, మొదటి చుట్టు ముగించి రెండవ చుట్టు ప్రారంభించినది అదే రోజున. అందువలన రెండు వ్యవస్థల వారాల లెక్కలు జోడుగా నడుస్తున్నవి. మన తొలి ఉపగ్రహం ఎగిరిన రోజుకు 723వ వారం నడుస్తున్నది. మొదటి చుట్టు ముగియడానికి మిగిలినవి మూడు వందల వారాల చిల్లర. పదేండ్ల ఆయుర్దాయం ఉద్దేశించిన ఉపగ్రహం, తన జీవితకాలంలోనే లెక్క మొదటికి రావడం చూడవలసియుండెను. 2019 ఏప్రిల్ 7 ఆదివారం నాడు అదే జరిగినది.

ఇది ఎవరి కంటికీ కనపడని పొరపాటు కాదు. తెలిసి చేసిన పొదుపు. ఇప్పుడు ఏ చుట్టు నడుస్తున్నదో గుర్తుంచుకొనే బాధ్యత సంకేతాన్ని అందుకొనే యంత్రానిది. ఆంగీరస అని విన్నవాడు ఏ ఆంగీరసయో తెలిసికొనవలసినట్లే, 5వ వారం అని విన్న యంత్రం ఏ చుట్టులోని 5వ వారమో తెలిసికొనవలెను. సరిదిద్దిన యంత్రాలు ఆ ఏప్రిల్‌లో యథావిధిగా పనిచేసినవి. జీపీఎస్ మీద ఆధారపడిన న్యూయార్క్ నగర పాలనకు చెందిన ఒక వైర్‌లెస్ సమాచార వ్యవస్థ మాత్రం ఆ సందర్భంలో కొన్ని రోజులు స్తంభించినది. తేదీ చాలా ముందుగా తెలిసియుండియు అక్కడ సన్నాహం లోపించినది. ఈ వారాల లెక్క మరల మొదటికి వచ్చేది 2038 నవంబరులో. అనగా సెకన్ల లెక్క నిండిన పది నెలలకు.

రెండు అంకెల కథ

సన్నాహం అంటే ఏమిటో తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 1990 దశకం చివర వైటూకే పేరుతో వచ్చిన సమస్య మన రాష్ట్రంలో అనేక కుటుంబాల గతిని మార్చినది. పాత కాలంలో కంప్యూటరు జ్ఞాపకస్థలం మిక్కిలి ఖరీదు. ఒక కార్డు మీద 80 అక్షరాలు మాత్రమే పట్టేవి. కావున సంవత్సరాన్ని 1965 అని వ్రాయక 65 అని రెండంకెలతో వ్రాసినారు. ఆ ప్రోగ్రాములు ముప్పై ఏళ్ళ తరువాత కూడా నడుస్తాయని వ్రాసినవారు ఊహించలేదు. 1999 తరువాత 00 వచ్చినప్పుడు అది 1900 అవుతుందా, 2000 అవుతుందా అన్నది ప్రశ్న.

బ్యాంకులలో, బీమా సంస్థలలో కోబాల్ భాషలో వ్రాసిన కోట్ల పంక్తులను ఒక్కొక్కటిగా చదివి సరిదిద్దవలసి వచ్చినది. అమెరికాలో అందుకు తగినంతమంది లేరు. 1998లో ఆ దేశం హెచ్-1బీ ఉద్యోగ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుండి 1,15,000కు పెంచినది. అదే సంవత్సరం నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అమీర్‌పేట శిక్షణ సంస్థలలో చేరి కోబాల్ నేర్చి సముద్రాలు దాటిన యువకులలో రాయలసీమవారూ ఉన్నారు. ఒక్క అమెరికాలోనే ఈ మరమ్మతుకు 10,000 కోట్ల డాలర్లు ఖర్చయినదని ఆ దేశపు వాణిజ్య శాఖ 1999లో అంచనా వేసినది.

2000 జనవరి 1 శనివారం పెద్ద ప్రమాదాలు లేకుండా గడచినది. అది చూచి ఇదంతా వట్టి భయమేనని కొందరు పరిహసించినారు. వరద రాకముందు చెరువు కట్టను పటిష్ఠం చేసినవానికి, వరద వచ్చిన నాడు కట్ట తెగనందువలన ఎవరూ సన్మానం చేయరు. ముందుగా చేసిన పనికి ఫలితం ఏమీ జరగకపోవడమే.

ఆనాటి మరమ్మతులలో రెండు రకాలున్నవి. ఒకటి, సంవత్సరానికి నాలుగు అంకెల స్థలమిచ్చి శాశ్వతంగా సరిదిద్దడం. రెండవది, ఒక హద్దు గీసి, అంతకు తక్కువైన రెండంకెలను 2000 తరువాతవిగాను, ఎక్కువైన వాటిని 1900 తరువాతవిగాను భావించడం. రెండవది చౌక, కాని ఆ హద్దు సంవత్సరం వచ్చినప్పుడు సమస్య మరల తలయెత్తుతుంది. ఎక్సెల్ పట్టికలలో చాలాకాలంగా ఉన్న నియమం ప్రకారం 29 అని వ్రాస్తే 2029, 30 అని వ్రాస్తే 1930 అవుతుంది.

2038కి సన్నాహాలు

సెకన్ల సమస్యకు నిపుణులు ఎంచుకొన్న మార్గం మొదటి రకానిది: లెక్కకు 32 బిట్లకు బదులు 64 బిట్ల స్థలమివ్వడం. బిట్లు రెట్టింపైతే కాలం రెట్టింపు అవుతుందని అనుకొనరాదు. ఒక్కొక్క బిట్టు చేరినప్పుడల్లా లెక్క రెట్టింపవుతుంది. 64 బిట్ల సెకన్లు సుమారు 29,200 కోట్ల సంవత్సరాలకు సరిపోతాయి.

నేటి కొత్త కంప్యూటర్లు, ఫోన్లు ఎక్కువగా 64 బిట్లవే కనుక వాటి ఆపరేటింగ్ సిస్టములో చిక్కు తీరినట్లే. కష్టం 32 బిట్ల చిన్న యంత్రాలలో ఉన్నది. అక్కడ ఆపరేటింగ్ సిస్టమును మార్చినంత మాత్రాన చాలదు; దానితో సంభాషించే ప్రతి ప్రోగ్రామూ కాలం ఇప్పుడు రెండింతల వెడల్పు అని తెలిసికొనవలెను. నెట్‌బీఎస్‌డీ 2012లో, ఓపెన్‌బీఎస్‌డీ 2014లో ఈ మార్పు చేసినవి. లినక్స్ వ్యవస్థ 2020లో వచ్చిన 5.6 కూర్పుతో 32 బిట్ల యంత్రాలలో కూడా 2038ను దాటగలిగే స్థితికి చేరినది. ప్రోగ్రాములు ఆధారపడే ముఖ్యమైన గ్రంథాలయం జీలిబ్‌సీ 2021లో ఆ వెసులుబాటు కల్పించినది.

ఫైళ్ళ సంగతి వేరు. డిస్కు మీద ఫైలు పక్కన వ్రాసి ఉన్న తేదీకి ఎంత స్థలముందో అదే దాని హద్దు. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 పద్ధతిలో తేదీకి రెండు బిట్లు అదనంగా చేర్చి 2446 వరకు పొడిగించినారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో 2020లో చేసిన మార్పుతో హద్దు 2486కు జరిగినది. కాని పాత పద్ధతిలో సిద్ధపరచిన డిస్కు, యంత్రం కొత్తదైనంత మాత్రాన తనంత తాను మారదు.

2038 వరకు వేచియుండవచ్చునని అనుకొనుట కూడా సరికాదు. భవిష్యత్తును లెక్కించే ప్రోగ్రాములు ఆ హద్దును ముందే తాకుతాయి. 2006 మే నెలలో ఏఓఎల్ సర్వర్ అనే ప్రోగ్రాము ఇట్లే కూలినది. అందులో గడువు లేదని సూచించడానికి, ఇప్పటి నుండి 100 కోట్ల సెకన్ల తరువాతి గడువు పెట్టుకొనడం ఆనవాయితీ. 100 కోట్ల సెకన్లంటే 31 సంవత్సరాల పైచిలుకు; 2006 మేలో దానిని కలుపగానే 2038 దాటినది. 2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ తపాలా వ్యవస్థలలో ఉత్తరాలు నిలిచిపోయినవి. అక్కడ 22వ సంవత్సరం, 01 నెల, 01 తేదీ, 0001 వరుస సంఖ్య అన్నవాటిని కలిపి 2201010001 అని ఒకే సంఖ్యగా వ్రాసినారు. అది పైన చెప్పిన 2,14,74,83,647ను మించిపోయినది. నేడు ఇరువది ఏండ్ల గృహరుణం ఇచ్చే ఏ ప్రోగ్రాము అయినా, చివరి వాయిదా తేదీ కోసం ఇప్పుడే 2038 అవతలకు చూడవలసి ఉన్నది.

మనం చేయదగినది

పెద్ద ఆపరేటింగ్ సిస్టములను సరిదిద్దేవారు ప్రపంచంలో ఉన్నారు. ఒకసారి బిగించి మరచిపోయే యంత్రాలను పట్టించుకొనేవారే అరుదు. హాజరు నమోదు యంత్రం, నిఘా కెమెరాల పెట్టె, ప్రయోగశాల పరికరం వంటి వాటిలో చిన్న కంప్యూటరు ఉంటుంది. వాటిని కొన్నవారు పది, పదిహేను సంవత్సరాలు వాడుతారు. ఇక మీదట కొనే వస్తువు 2038ను చూడగలదు. కావున కళాశాల కమిటీలు ఇటువంటివి కొనేటప్పుడు, ఇది 2038 జనవరి తరువాత పనిచేస్తుందా అని అమ్మేవారిని అడిగి, జవాబును వ్రాతపూర్వకంగా తీసికొనుట మంచిది. అడగడానికి ఖర్చు లేదు.

రికార్డులలో సంవత్సరాన్ని నాలుగు అంకెలతో వ్రాయుట రెండవ జాగ్రత్త. ప్రవేశ పట్టికలో పుట్టిన సంవత్సరం 05 అని ఉంటే నేటి గుమాస్తాకు అర్థమవుతుంది. నలువది ఏండ్ల తరువాత ఆ విద్యార్థి పింఛను కాగితం తయారుచేసే యంత్రానికి కాకపోవచ్చును. మూడవది విద్యార్థులకు: రికార్డులు లేని ఒక పాత కంప్యూటరు తీసికొని, దాని తేదీని 2038 జనవరి 18కి మార్చి, మరునాటికి ఏమి జరుగుతుందో గమనించండి. అసలు లెక్కలున్న యంత్రం మీద ఈ ప్రయోగం ఎన్నటికీ చేయరాదు. మీరు స్వయంగా ప్రోగ్రాము వ్రాసేటప్పుడు తేదీకి 64 బిట్ల స్థలమివ్వండి.

రెండంకెలతో సరిపుచ్చినవారు తెలివితక్కువవారు కారు. తమ పని తమకన్నా ఎక్కువకాలం బ్రతుకుతుందని వారు తలచలేదు. తిరుమలలో రాతి మీద తేదీ చెక్కించినవారు తమ మాట తమ తరువాత కూడా చదువబడుతుందని తలచి, పేరుకు తోడు సంఖ్యను కూడా నిలిపినారు. రేపు లెక్కలు వ్రాయబోయే విద్యార్థులు ఈ రెండవవారి దారిని అనుసరించినచో, 2038 జనవరి 19 ఉదయం మన కార్యాలయాలు ఎప్పటివలెనే తెరుచుకొంటాయి.